కత్తి పోయినది, కన్నును పోవలెనా?

మన పట్టణములలోని డిగ్రీ కళాశాలలకు బోయి చూడుడు. "జంతుశాస్త్ర ప్రయోగశాల" యని పలక వ్రేలాడు గది యొకటి కానవచ్చును. గోడవారగా అలమారులు, అలమారులలో సీసాలు, సీసాలలో ఫార్మలినులో నానినాని పాలిపోయిన పాము, సొరచేప పిల్ల, రంగు మాసిన నక్షత్రచేప. చీటీలమీది అక్షరములు చెరిగిపోయినవి. నడుమ పొడవైన బల్లలు, బల్లలమీద దుమ్ము. ఆ దుమ్ము మందమునుబట్టి ఆ గది తలుపులు ఏడాదికి ఎన్ని దినములు తెరచుచున్నారో చెప్పుటకు గొప్ప అపరాధపరిశోధకు డక్కరలేదు. అయినను ప్రాక్టికలు పరీక్ష జరుగుచునే యున్నది. మార్కులు పడుచునే యున్నవి. ప్రయోగశాల రుసుము వసూలగుచునే యున్నది. వస్తువు నియ్యక వెల పుచ్చుకొనుటకు న్యాయస్థానములలో నొక పేరు కలదు. మర్యాదకొఱకు దాని నిచట వ్రాయము.

అన్ని కళాశాలలును ఇట్లే యున్నవని మే మనము. చేతిలో నున్న నాలుగు పనిముట్లతోనే పాటుపడి నేర్పు ఉపాధ్యాయులను మే మెఱుగుదుము, వారికి నమస్కారము. కాని అట్టివారిని వ్రేళ్ళమీద లెక్కింపవలసి వచ్చుచున్నది. తక్కినచోట్ల కారణ మడిగినచో సిద్ధముగా నున్న జవాబు ఒక్కటే: "ఏమి చేయుదు మండీ! జంతువులను కోయరాదని పైవారు ఉత్తరువు చేసిరి గదా!"

ఉత్తరువు నిజమే. యూనివర్సిటీ గ్రాంట్సు కమీషనువారు 2011 లో జంతువులను కోసి చూపు పద్ధతిని క్రమక్రమముగా తగ్గింపవలెనని మార్గదర్శక సూత్రములు వెలువరించిరి. 2014 లో డిగ్రీ తరగతులకును పై తరగతులకును దానిని పూర్తిగా మాన్పించిరి. ఆ ఉత్తరువును నిందించుటకు మేము కలము పట్టలేదు. దాని చాటున దాగి జరుగుచున్నదానిని వెలుగులోనికి లాగుటకు పట్టితిమి.

ఈ పంక్తులు వ్రాయువాడు నల్లకోటు తొడుగుకొనుటకు ముందు జంతుశాస్త్రమున పట్టము పుచ్చుకొన్నవాడే. ఆ దినములలో ప్రాక్టికలు తరగతికి ముందుగా ఒక మనిషి గోనెసంచిలో కప్పలను దెచ్చి డబ్బాలో పోసి పోవుచుండెను. క్లోరోఫారము వాసన వసారా చివరిదాక కొట్టుచుండెను. మైనము పోసిన పళ్ళెములో కప్పను వెల్లకిల పరుండబెట్టి, నాలుగు కాళ్ళకును గుండుసూదులు గ్రుచ్చి, పొట్టచర్మము నెత్తి కత్తెర పెట్టవలెను. లోపల గుండె యింకను కొట్టుకొనుచుండెడిది. మొదటి దినమున వాని చేయి వణకినది. మూడవ వారమునకు వణకుట మానినది. ఆ మానుట విద్యయో, మొద్దుబాఱుటయో నేటికిని తేల్చుకొనలేకున్నాడు. ముప్పదిమంది విద్యార్థులకు ముప్పది కప్పలు. ముప్పదింటిలోను చూడవలసినది ఒక్కటే. అందు సగము పచ్చిచేతులలో రక్తనాళములు తెగి, ఏమియు కనబడకయే చెత్తబుట్ట పాలగుచుండెను.

ఆ కప్ప లెవరివి? చేలగట్లమీద పురుగులను దిని, రైతును కూలి యడుగక పని చేయు జీవములు. మన దేశమునుండి కప్పకాళ్ళ ఎగుమతి 1987 లో నిషేధింపబడినది. విదేశీయుల భోజనపు బల్లకు పోరాదని కాపాడిన ప్రాణిని మన చదువు బల్లలమీద వ్యర్థముగా చంపుట యే న్యాయము? కావున కత్తిని మాన్పించినవారితో మాకు తగవు లేదు. కత్తి పోవలసినదే, పోయినది. తరువాత నేమి వచ్చినది? అది మా ప్రశ్న.

చట్టమును చదువుట మా వృత్తి. ఒక్కొక్క మాటకు కూడు తినుచున్నాము. జంతువులపట్ల క్రౌర్యమును నివారించుటకు 1960 లో పుట్టిన చట్టమున పదునేడవ సెక్షను కలదు. ప్రయోగములను పర్యవేక్షించు సంఘము ఏయే లక్ష్యములతో నిబంధనలు చేయవలెనో ఆ సెక్షను చెప్పుచున్నది. సాధ్యమైన ప్రతిచోటను జంతువులపై ప్రయోగము మానవలెననుట అందొక లక్ష్యము. దానికి ఉదాహరణముగా వైద్యకళాశాలలను, ఆసుపత్రులను, కళాశాలలను పేర్కొని, అచట పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు మొదలగు బోధనసాధనములు సమానముగా చాలినచో మానవలెనని చట్ట మనుచున్నది. "సమానముగా" ననియు "చాలినచో" ననియు నున్న మాటలను గమనింపుడు. శాసనకర్తలు వానిని అలంకారమునకు వేయలేదు. జంతువును విడిచిపెట్టుము, కాని విద్యార్థి కందవలసిన జ్ఞానము తఱుగకుండ చూడుము, అని ఆ వాక్యమునకు భావము. మనవారు ఆ వాక్యమును నడుమకు విఱిచి, తమ కనుకూలమైన సగమును జేబులో వేసికొని, రెండవ సగమును ప్రయోగశాల కిటికీలోనుండి పాఱవేసిరి.

పాతయింటిని పడగొట్టుటకు మునిసిపాలిటీవా రొకనికి అనుమతి నిచ్చిరి. క్రొత్తయిల్లు కట్టవలెననుట షరతు. అతడు పడగొట్టినాడు, కట్టలేదు, అద్దె మాత్రము నెలనెల వసూలు చేయుచున్నాడు. అతని పక్షమున వాదించుటకు ఏ వకీలు లేచును? లేచినను, జడ్జీ ముఖము చూచి కూర్చుండును.

ప్రాణిని హింసింపకుండ చేతికి పని నేర్పుట మన దేశమునకు క్రొత్త విషయము కాదు. సుశ్రుతసంహితలో శిష్యునకు అభ్యాసము చేయించు విధానమునకే ప్రత్యేకముగా నొక అధ్యాయము కేటాయింపబడినది. కోయుట నేర్చుకొనుటకు గుమ్మడి, ఆనప, దోస మొదలగు కాయలు. చీల్చుట నేర్చుకొనుటకు నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులు. గీకుట కభ్యాసముగా వెండ్రుకలు గల తోలు. సిరలకు తామరతూడులు, చచ్చిన పశువుల రక్తనాళములు. కుట్టుటకు దట్టమైన గుడ్డ. కట్లు కట్టుటకు మనుష్యాకారముగా చేసిన బొమ్మ. ఎంత చదివినను చేతి యభ్యాసము లేనివాడు పనికి తగడని ఆ యాచార్యుని నిర్ణయము. ఆయన రోగి దేహముమీద శిష్యుని ప్రయోగము చేయనీయలేదు. అంతమాత్రమున శిష్యుని చేతులు ముడుచుకొని కూర్చుండనీయను లేదు. కత్తికి బదులు కాయ నిచ్చినాడు. మన కళాశాలలు కత్తికి బదులేమి యిచ్చినవి?

రికార్డు పుస్తక మిచ్చినవి. ఆ పుస్తకముయొక్క చరిత్ర చదువరులలో ననేకులకు స్వానుభవమే. పై తరగతివాని పుస్తకమును క్రింది తరగతివాడు కాపీ చేయును. వానిది చూచి మఱుసటి యేటివాడు. తరతరములుగా సంక్రమించు ఈ యాస్తికి వీలునామాయు నక్కరలేదు, స్టాంపు సుంకమును లేదు. మొదటివాడు పొరపాటున కాలేయమును ఎడమకు గీసినచో పది సంవత్సరములు ఆ కళాశాలలో కాలేయము ఎడమనే యుండును. పరీక్షాధికారి పుటలు త్రిప్పి సంతకము చేయును. గీసినవాడుగాని, దిద్దినవాడుగాని ఆ జంతువును చూడనక్కర లేదు.

కొన్నిచోట్ల కంప్యూటరు తెర యిచ్చిరి. మేము యంత్రద్వేషులము కాము. మంచి చిత్రము, తిరిగి తిరిగి చూడదగిన చలనచిత్రము, మెలకువగల ఉపాధ్యాయుని చేతిలో గొప్ప సాధనములే. ఒక కప్పను చంపక వేయిమందికి దాని లోపలి నిర్మాణమును చూపవచ్చుననుట చిన్న లాభము కాదు. కాని తెరమీద నాళము తెగదు. వ్రేలి క్రింద మెత్తన గట్టి తెలియదు. ఒక జంతువునకును ఇంకొక జంతువునకును గల తేడా కనబడదు. ప్రకృతిలో ఏ రెండు జీవములును అచ్చుగ్రుద్దినట్లుండవని తెలిసికొనుటయే జంతుశాస్త్రమునకు ఓనమాలు. తెరమీదిది అచ్చుగ్రుద్దిన జంతువు.

అంతకంటె నవ్వు వచ్చు సంగతి యొకటి కలదు. ఆ కప్ప ఏ దేశపుది? అమెరికాలో తయారైన యట్టి సాధనములు కొన్నింటిలో కనబడునది అచటి కప్పయే. ఒకప్పుడు మన కళాశాలలలో ఆంగ్ల గ్రంథములు చదివి ఐరోపాలోని వానపామును వర్ణించుచుండిరి. కాలిక్రింది మట్టిలో తిరుగాడునది వేఱు జాతియని చెప్పు పాఠ్యగ్రంథము లేకుండెను. లక్నోలో కరమ్ నారాయణ్ బహల్ ఆచార్యులు ఈ దాస్యమును తెంపుటకు పూనుకొని "ఇండియన్ జూలాజికల్ మెమోయిర్సు" అను గ్రంథమాల నారంభించి, మన వానపామునుగూర్చి 1926 లో మొదటి సంపుటములలో నొకటి తామే వ్రాసిరి. తరువాత బైనీ ప్రసాద్‌గారు మన చెఱువులలోని నత్తనుగూర్చియు, తిల్లయంపలం అను విదుషీమణి మన సముద్రములోని సొరచేపనుగూర్చియు ఆ మాలలోనే గ్రంథములు రచించిరి. మన దేశపు జంతువును మన విద్యార్థికి మనవారే చూపుట యనునది ఉపన్యాసములవలన రాలేదు. సూక్ష్మదర్శినిపై సంవత్సరములు వంగి వంగి మెడలు పట్టుకొనగా వచ్చినది. బహల్‌గారు మట్టిలోనుండి త్రవ్వి తెచ్చిన స్వదేశ జ్ఞానమును మనము కాపీ పుస్తకములో పాతిపెట్టి, దానిమీద విదేశపు కప్పను కూర్చుండబెట్టితిమి.

ఈ చదువు లేకున్న దేశమునకు వచ్చు నష్టమేమి, కోర్టులు నడువవా, బండ్లు తిరుగవా, యని యడుగు పెద్దలు కలరు. వారికొఱకు మా పట్టణములో జరిగిన సంగతి చెప్పెదము. గడచిన వర్షకాలమున డెంగీ జ్వరము ప్రబలియుండగా స్వచ్ఛందసేవకులము కొందఱము వీధివీధి తిరిగి తొట్లు, పూలకుండీలు, పాత టైర్లు వెదకి నీరు పాఱబోయించితిమి. మాతో జంతుశాస్త్ర పట్టభద్రులు ముగ్గురు వచ్చిరి. బుద్ధిమంతులు, సేవాభావము గలవారు, మంచి మార్కులు పొందినవారు. తెల్లని పళ్ళెములో తొట్టినీరు పోసి, అందు మెలికలు తిరుగు పిల్లపురుగులను చూపి, ఇవి ఏ దోమవని యడిగితిమి. ముగ్గురును ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. మలేరియా దోమ పిల్ల నీటిపై తలమునకు సమముగా పరుండును. తక్కిన రెండుజాతుల పిల్లలు తోకవైపు గొట్టమును పైకి పెట్టి తలక్రిందుగా వ్రేలాడును. ఈ సంగతి వారు పరీక్షలో వ్రాసిరట, రేఖాచిత్రమును గీసిరట. ఒక యువతి కన్నీరు పెట్టుకొని, "ఇంత చిన్నవిగా నుండునని మా కెవరును చెప్పలేదండీ" యన్నది. ఆమె తప్పేమి? పుస్తకములోని బొమ్మ పుటనిండ నున్నది. మూడు సంవత్సరములలో ఒక్కనాడైన ఆమె ముందు గిన్నెడు కుంటనీరు పెట్టినవారు లేరు. అందుకు కత్తి కావలెనా? కప్ప కావలెనా? ఏ ఉత్తరువు ఆ గిన్నెను అడ్డగించినది?

దోమ జాతి తెలిసిననేగాని దానిని ఎచట వెదకవలెనో తెలియదు. డెంగీని వ్యాపింపజేయునది యింటిలోని మంచినీట పుట్టును. బోదకాలును తెచ్చునది మురుగుకాలువలో పుట్టును. కాలువలో మందు చల్లి డెంగీ పోవలెనని ఎదురుచూచు పట్టణము, మంగలి కొట్టు ముందు నిలిచి కుమ్మరిని పిలుచు మనిషివంటిది.

ఈ భేదము మనుష్యజాతికి తెలిసినది మన నేలమీదనే యనుట మఱవరాదు. 1897 లో సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డు రాసను సైనిక వైద్యుడు దోమలను ఒక్కొక్కటిగా చీల్చి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. ఆగస్టు ఉక్క, పంకా వేసినచో దోమలు ఎగిరిపోవును గనుక పంకా లేదు, నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. హుసేన్‌ఖాన్ అను రోగి తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని రక్తదానము చేసెను. రెండేండ్లు రాసు చూచినవి వేఱు జాతి దోమలు. వానిలో నేమియు దొరకలేదు. చుక్కల ఱెక్కల దోమ చేతికి వచ్చిన పిమ్మట, ఆగస్టు 20 వ తేదీని, దాని జీర్ణకోశపు గోడలో మలేరియా క్రిమి కంటబడినది. 1902 లో నోబెలు బహుమాన మాయనకు వచ్చినది. దొర కీర్తి దొరకే యుండనిండు. హుసేన్‌ఖాన్ అణాలు కూడ లెక్కకు రావలెనని మా మనవి. ఆ భవనము నేటికిని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరాన్నజీవశాస్త్ర సంస్థగా నున్నది. ఒక దోమకును ఇంకొక దోమకును గల భేదము కంటికి ఆనినందువలన ప్రపంచము మాఱినచోటనే, ఆ భేదము నెఱుగని పట్టభద్రులను మనము ఏటేట తయారుచేయుచున్నాము.

మఱి రొయ్యల సంగతి. నెల్లూరు మొదలు గోదావరి మండలములదాక చెఱువులే చెఱువులు. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చి పడినపుడు ఆస్తులు తాకట్టు పెట్టినవారు ఎందఱు కోర్టు గుమ్మము త్రొక్కిరో మా వృత్తివారికి తెలియును. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చినది. దాని తల్లిరొయ్యలు ప్రధానముగా విదేశములనుండి విమానములమీద చెన్నపట్టణమునకు దిగి, అచట పరీక్షలు ముగిసిన పిమ్మటనే పిల్లలను పుట్టించు కేంద్రములకు పోవుచున్నవి. తల్లి పరదేశి, మేతకు అప్పు, తెగులునకు మందు దుకాణదారుడు చెప్పినది. రైతు మాత్రము వేకువనే గట్టుమీద నిలిచి, మేతతట్టలోని రొయ్యను వెలుగున కెత్తి పట్టి, ప్రేగు గీత నిండియున్నదో లేదో, కాలేయము రంగు మాఱినదో లేదో చూచుచున్నాడు. అతడు బడి చదువనివాడు కావచ్చును. అతడు చేయుచున్నది జంతుశాస్త్రము. అతని ప్రక్క నిలిచి అదే రొయ్య మొప్పను సూక్ష్మదర్శినిలో చూచి, "ఇది తెగులు, ఇది కేవలము నీటి దోషము" అని చెప్పగల యువకుడు ఆ యూరి కళాశాలలోనుండి రావలదా? వచ్చుచున్న యువకుడు రొయ్య అవయవముల పేర్లను లాటినులో నప్పగించును. రొయ్యను చేత పట్టుటకు జంకును.

అంగడినుండి చేప తెచ్చి కోసినచో అదియు హింసయే కాదా, యని కొందఱు దయామయులు శంకింతురు. నిషేధమునకు మూలము జీవహింస. కూరకొఱకు చంపబడి, బెస్తపడతి కత్తిపీటమీద తలతెగి, కాకుల పాలు కానున్న మొప్పను భూతద్దములో చూచుటచే ఏ ప్రాణికి క్రొత్తగా ఏ బాధ కలుగును? రొయ్యల కార్ఖానాలలో తలలు కుప్పలుగా పాఱవేయబడుచున్నవి. ఇందుకును నిబంధన అడ్డువచ్చునని తోచినచో, కళాశాలలు కమీషనువారికి వ్రాసి స్పష్టమైన జవాబు తెప్పించుకొనవలెను. సందేహమును సాకుగా చేసికొని బల్లలను దుమ్ముపట్టనిచ్చుట ధర్మము కాదు. ఇంక మృతజీవమే అక్కరలేని పని యెంత యున్నది! వానపాము మట్టిలో దిగు విధము, చీమల బాట, సాలెపురుగు వల అల్లు వరుస, చేపపిల్ల తోకలో రక్తము ప్రవహించుట, కప్పగ్రుడ్డు తోకకప్పయై కాళ్ళు తెచ్చుకొనుట. చూచి, దినదినము వ్రాసి, తిరిగి దాని కుంటలో దానిని విడిచిపెట్టవచ్చును. సముద్రతీరపు విద్యార్థికి ఆటుపోటుల నడుమనున్న రాళ్ళే ప్రయోగశాల. వాల్తేరులో గణపతి ఆచార్యులవంటివారు సముద్రజీవశాస్త్రమును పెంచినది ఆ తీరమును చూచుకొనియే.

ఉపాధ్యాయుల పక్షమున చెప్పవలసినదియు కలదు. ఖాళీలు నిండవు, అతిథి ఉపాధ్యాయుడను గౌరవనామముతో దినకూలికి పాఠము చెప్పువా డున్నాడు, ఉన్న సూక్ష్మదర్శినులు పగిలిన కటకములతో నున్నవి, బాగుచేయించు పద్దు ఏ కాగితములోను లేదు. ఇదంతయు నిజము. కాని తెల్లపళ్ళెమునకును, చేతి భూతద్దమునకును, గిన్నెడు కుంటనీటికిని ఏ బడ్జెటు కావలెను? సొమ్ము లేమికి మేము ప్రభుత్వమును అడిగెదము. ఇచ్ఛ లేమికి ఎవరి నడుగవలెను? చేయని ప్రయోగమునకు మార్కు వేయు పరీక్షాధికారి బీదవాడై వేయుచున్నాడా?

ఆ మార్కులోనే మర్మ మున్నది. రికార్డు పుస్తకమునకు మార్కున్నంతకాలము కాపీ యుండును. ప్రాక్టికలు పరీక్ష దినమున విద్యార్థి ముందు ఆ యూరి నీరో, మట్టియో, అంగడి చేపయో పెట్టి, "నీకు కనబడినది గీయుము, కనబడనిది గీయకుము" అని చెప్పి, గీసినదానికి మాత్రమే మార్కు వేయనిండు. ఒక్క సంవత్సరములో పాత రికార్డులు పకోడీల కొట్టుకు చేరును.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు పెద్దలకు ఒక పని యప్పగించుచున్నాము. మీ బిడ్డ చదువు కళాశాలకు బోయి, మర్యాదగా కుర్చీలో కూర్చుండి, ఈ యేడు ప్రయోగశాల యెన్ని దినములు తెరచిరో, విద్యార్థులు తమ కన్నులతో ఏ జీవమును చూచిరో, వసూలైన రుసుము ఏ వస్తువునకు వెచ్చించిరో యడుగుడు. ప్రభుత్వ కళాశాలయైనచో 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద కాగితముమీద నడుగుడు. దరఖాస్తు వ్రాయుట తెలియనివారికి మేము వ్రాసిపెట్టెదము, ఫీజు లేదు. వచ్చిన జవాబులను మాకు పంపినచో, మంచివైనను చెడ్డవైనను, ఒక్క యక్షరము మార్పక ఈ పుటలోనే ప్రకటింతుము.